పాత రైలు కట్ట మీద అమ్మానాన్నలతో హైక్: ఐరన్ గోట్ ట్రైల్‌లో మా అనుభవం

మీరు అడిగింది ఇదీ: సియాటిల్ దగ్గర పన్నెండు మంది దాకా ఉన్నాం, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు నలుగురు, స్కూలు పిల్లలు ముగ్గురు, అందరం ఒకేరోజు కలిసి నడవగలిగే హైక్ కావాలి, స్టీవెన్స్ పాస్ అనే కనుమ దగ్గర మూసేసిన రైలు దారి మీద వేసిన ఐరన్ గోట్ ట్రైల్ మాకు సరిపోతుందా అని.

సరిపోతుందండీ. కాకపోతే ఏ చివర మొదలుపెడతారు, కార్లు ఎక్కడ పెడతారు, ఏ కారు తాళం ఎవరి జేబులో ఉంటుంది, ఈ మూడూ ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. మేం ఆ మూడోది వదిలేసి చాలా టెన్షన్ పడ్డాం. ఆ సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

మేం వెళ్ళింది రెండేళ్ళ క్రితం సెప్టెంబర్‌లో, శనివారం. మొత్తం పద్నాలుగు మందిమి. మా నాన్న కూడా ఉన్నారు, ఆయనకి అప్పటికి డెబ్భై ఒకటి. నాన్న రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, ఆ గ్యాంగ్‌కి పెద్ద అయిన మేట్‌గా రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండూల్ లైన్లోనే, బొర్రా, అరకు ఘాట్ వైపు. అంతకుముందు ఇంకో ట్రైల్‌కి తీసుకెళ్తే అర మైలు నిటారుగా ఎక్కేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది, "మీరు వెళ్ళిరండమ్మా" అని రాయి మీద కూర్చుండిపోయారు, నేను పైకి వెళ్ళానే కానీ మనసంతా కిందే ఉంది. అందుకే ఈసారి అందరూ చివరిదాకా నడవగలిగే దారి కోసం వెతికాను.

రైలు దారి మీద వేసిన ట్రైల్‌లో ఉన్న సుఖం అదే. రైలు నిటారుగా ఎక్కలేదు కదా, కాబట్టి కొండని మెల్లగా చుట్టుకుంటూ కట్ట వేస్తారు. ఇక్కడ గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్ళు వేసిన వాలు 2.2 శాతం, అంటే వంద అడుగులు నడిస్తే రెండడుగుల పైచిలుకు ఎత్తు పెరుగుతుందన్నమాట. నేనిది చదివి చెప్తే నాన్న ఒక్క క్షణం లెక్క వేసుకుని "అంటే నలభై ఐదుకి ఒకటి. మాది అరవైకి ఒకటి. మా ఘాట్ కంటే ఇదే ఎక్కువ వాలు" అన్నారు. రైలుకి అది పెద్ద ఎక్కుడే, మనిషికి మాత్రం ఎక్కుతున్నట్టే తెలీదు. ఇండియాలో రోజూ పొద్దున్నే వాకింగ్ చేసే అలవాటున్నవాళ్ళు ఎవరైనా నడిచేస్తారు.

మూడు చోట్ల నుంచి మొదలుపెట్టొచ్చు: మార్టిన్ క్రీక్, సీనిక్, వెల్లింగ్టన్. హైవే 2 పక్కనే, ఎర్ర రైలు పెట్టె ఉన్న చోటు సీనిక్. అక్కణ్ణుంచి మార్టిన్ క్రీక్ వైపు కింది కట్ట మూడు మైళ్ళ దాకా దాదాపు చదునుగా ఉంటుంది, స్ట్రోలర్ కూడా వెళ్తుంది. బాగా చిన్నపిల్లలు, కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్ళు ఉంటే అక్కడికే వెళ్ళి హాయిగా తిరిగి రండి. పెద్దవాళ్ళు కాస్త నడవగలిగితే మాత్రం వెల్లింగ్టన్‌కే వెళ్ళండి. అసలు కథంతా అక్కడే జరిగింది.

మా ప్లాన్ ఇలా ఉంది. రెండు కార్లు కింద సీనిక్‌లో వదిలేసి, మిగతా మూడింట్లో అందరం పైన వెల్లింగ్టన్‌కి వెళ్ళాలి. అక్కణ్ణుంచి పై కట్ట మీద మూడు మైళ్ళు నడిస్తే విండీ పాయింట్ వస్తుంది, అక్కడ భోజనాలు. తర్వాత పెద్దవాళ్ళు, పిల్లలు, వాళ్ళతో ఇద్దరం ముగ్గురం వచ్చిన దారినే వెనక్కి వెల్లింగ్టన్‌కి. ఓపికున్నవాళ్ళు విండీ పాయింట్ దగ్గర అడ్డదారిలో ఒక మైలు కిందికి దిగి సీనిక్ చేరాలి. ఆ మైలులో ఏడు వందల అడుగులు దిగుతారు, అన్నీ మలుపులే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అటు పంపకండి, ఎక్కడంకన్నా దిగడమే కష్టం. ఇంకోటి, సియాటిల్ వైపు నుంచి వస్తుంటే వెల్లింగ్టన్ రోడ్డు ఎడమవైపు వస్తుంది, ఆ హైవేలో అడ్డంగా తిప్పడం ప్రమాదం. మేం నేరుగా స్టీవెన్స్ పాస్ స్కీ రిసార్ట్ దాకా వెళ్ళి, అక్కడ తిప్పుకుని వెనక్కి వచ్చి కుడివైపు తిరిగాం. అయిదారు నిమిషాలు ఎక్కువైనా అలాగే చేయండి.

వెల్లింగ్టన్ అంటే ఒకప్పుడు ఊరు. ఇప్పుడు పార్కింగ్, ఒక టాయిలెట్, చుట్టూ చెట్లు, అంతే. అక్కడ దిగగానే అందరం ఫోటోల హడావుడిలో ఉంటే, నాన్న మాత్రం వెనక్కి వాలి పైన కొండ వైపు చూస్తూ నిలబడ్డారు. ఘాట్ సెక్షన్‌లో పనిచేసినవాళ్ళు పట్టాలకంటే ముందు కొండ చూస్తారట, వానాకాలంలో చరియ ఎప్పుడు జారుతుందో తెలీదు కాబట్టి. "ఈ వాలు కింద బండి ఎలా నిలబెట్టారమ్మా" అన్నారు. నేనింకా ఆయనకి ఏమీ చెప్పలేదు.

జరిగింది ఇదీ. 1910 ఫిబ్రవరి ఆఖర్లో స్పోకేన్ నుంచి సియాటిల్ వస్తున్న ఒక ప్యాసింజర్ బండి, దాని వెంట ఒక మెయిల్ బండి, ఈ వెల్లింగ్టన్ దగ్గర మంచులో ఇరుక్కుపోయాయి. రోజుల తరబడి మంచు ఆగలేదు. దారి తుడిచే మంచు నాగళ్ళ ఇంజన్లు కూడా చిక్కుకుపోయాయి, బొగ్గు అయిపోవస్తోంది, టెలిగ్రాఫ్ తీగలు తెగిపోయాయి. పైన కొండ మీద అడవి అంతకుముందే మంటల్లో కాలిపోయి బోడిగా ఉంది, మంచుని పట్టి ఆపే చెట్లు లేవు. బండ్లని వెనక్కి సొరంగంలో పెట్టమని కొందరు ప్రయాణికులు అడిగారు, కానీ అక్కడ పొగ, చలి అని పెట్టలేదు. కొందరు ఇక ఆగలేక పట్టాల వెంట నడుచుకుంటూ విండీ పాయింట్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి మంచులో జారుకుంటూ సీనిక్‌కి దిగిపోయారు. వాళ్ళు బతికారు. తర్వాత మంచు ఆగి వాన మొదలైంది, ఉరుములు, మెరుపులు. మార్చి 1న అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకీ రెండింటికీ మధ్య, పైనున్న మంచంతా ఒక్కసారిగా జారి రెండు బండ్లనీ కింద టై నది లోయలోకి నెట్టేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో మంచు చరియలు విరిగిపడి ఇంతమంది పోయింది ఇంకెప్పుడూ లేదు. కొన్ని శవాలు మంచు కరిగాక, ఎండాకాలంలో గానీ దొరకలేదు. వెల్లింగ్టన్ పేరు వింటేనే జనం భయపడుతున్నారని అదే ఏడాది ఊరి పేరు టై అని మార్చారు.

ఆ తర్వాత కట్టిందే అక్కడున్న కాంక్రీటు స్నో షెడ్. పార్కింగ్ నుంచి కాసేపు నడిస్తే అందులోకే వెళ్తాం. దాదాపు 2,460 అడుగుల పొడవు, రెండు లైన్లకి సరిపోయే వెడల్పు, ఒకవైపు కొండకి ఆనించిన గోడ, రెండోవైపు వరసగా స్తంభాలు, పైన వాలుగా కప్పు. మంచు జారినా కప్పు మీదుగా లోయలోకి పోవాలని ఆ కట్టడం. లోపల చల్లగా ఉంటుంది, పైనుంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటాయి, పిల్లలు అరిస్తే ప్రతిధ్వని వస్తుంది. బండ్లు పడిపోయిన చోటుకి ఎదురుగా చెక్కతో చిన్న వేదిక కట్టారు. నాన్న అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డారు. ఆయన అలా చేస్తే మా పిల్లలు కూడా అరవడం ఆపేసి బూట్లు విప్పుకుని పక్కన నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

తర్వాత ఆయన గోడ వెంట నడుస్తూ కింద కాలువ, గోడలో నీళ్ళు పోవడానికి పెట్టిన కన్నాలు ఒక్కొక్కటీ మా ఎనిమిదేళ్ళ వాడికి చూపించుకుంటూ వచ్చారు. "నీళ్ళు నిలిస్తే గోడ నిలవదు నాన్నా, అందుకే ముందు కాలువ." నేను ఆ ట్రైల్ గురించి ఎంత చదివినా ఆ కన్నాల సంగతి నాకు తట్టేది కాదు. మీ పెద్దవాళ్ళలో ఎవరైనా రైల్వేలోనో, ఆర్ అండ్ బీలోనో, ఇరిగేషన్‌లోనో పనిచేసి ఉంటే వాళ్ళని తప్పకుండా ముందు నడవనివ్వండి.

ఇంకో ముఖ్యమైన మాట. దారిలో పాత సొరంగాలు కనిపిస్తాయి, వెల్లింగ్టన్ దగ్గర తూర్పువైపు 1900లో తెరిచిన మొదటి క్యాస్కేడ్ సొరంగం నోరు కూడా కనిపిస్తుంది, 2.6 మైళ్ళ సొరంగం అది. అది రాకముందు కనుమ మీదుగా జిగ్‌జాగ్ పట్టాల మీద రైళ్ళని ముందుకీ వెనక్కీ లాగుతూ దాటించేవారు. సొరంగాల్లోకి వెళ్ళొద్దని బోర్డులుంటాయి, నిజంగానే వెళ్ళకండి. పైకప్పులు ఊడిపడుతున్నాయి, లోపల నీళ్ళు నిలుస్తాయి. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి రీల్ కోసం లోపలికి పది అడుగులు వేస్తే నాన్న గట్టిగా కేకేశారు. ఆయన అలా అరవడం నేను చిన్నప్పటి తర్వాత అదే వినడం.

దారిలో అక్కడక్కడ తెల్లని మైలు స్తంభాలుంటాయి, 1700 పైచిలుకు అంకెలతో. అవి మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నుంచి దూరం. పిల్లలకి ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా అని చెప్తే "ఇంకెంత దూరం" అని అడగడం మానేశారు.

విండీ పాయింట్ దగ్గర లోయంతా తెరుచుకుంటుంది. కింద హైవే, దాని పక్కన ఇప్పుడు నడుస్తున్న రైలు దారి. 1929లో 7.8 మైళ్ళ కొత్త సొరంగం కిందుగా తవ్వేశాక ఈ పై కట్టని వదిలేశారు. మేం పులిహోర పొట్లాలు విప్పుకునేసరికి కింద ఒక గూడ్సు వచ్చింది. నాన్న చేతిలో ముద్ద అలాగే పట్టుకుని పెదాలు కదుపుతూ పెట్టెలు లెక్కపెట్టారు. నూట నాలుగో అయిదో అన్నారు, మధ్యలో చెట్లు అడ్డొచ్చాయని బాధపడ్డారు.

ఇక తాళం సంగతి. అక్కడిదాకా అందరం ఒక్కటిగా వచ్చాం, భోజనాలయ్యాక కుర్రాళ్ళు అయిదుగురు "దిగేస్తున్నాం" అని చెప్పి అడ్డదారి పట్టారు. వాళ్ళు వెళ్ళిన పావుగంటకి మా ఆయన జేబులు తడుముకుని చూస్తే మా వ్యాన్ తాళం లేదు, పొద్దున బ్యాగు తీయడానికని వాళ్ళలో ఒకరికి ఇచ్చారు. ఫోన్లకి సిగ్నల్ లేదు, వచ్చే దారిలో స్కైకోమిష్ అనే ఊరు దాటినప్పుడే పోయింది. వెనక పరిగెత్తితే దొరుకుతారేమో అని మా ఆయన ఆ వాలులో దిగబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు, "ఇప్పటికే విడిపోయాం, ఇంకా విడిపోవద్దు" అని. మేం వెనక్కి వెల్లింగ్టన్‌కి నడిచాం. మూడు మైళ్ళూ నా తలలో ఒకటే లెక్క: మిగతా రెండు కార్లలో తొమ్మిది మందిమి ఎలా పడతాం, పెద్దవాళ్ళు చలిలో ఎంతసేపు కూర్చోవాలి, మందుల సంచి ఏ కారులో ఉంది. మందుల సంచి ఆ తాళం లేని వ్యాన్‌లోనే ఉంది. అమ్మకి సాయంత్రం నాలుగింటికి షుగర్ మాత్ర వేసుకోవాలి. సీనిక్‌లో దిగినవాళ్ళు జేబులో తాళం చూసుకుని వెంటనే కారెక్కి పైకి వచ్చారు కాబట్టి సరిపోయింది, మేం చేరేసరికి అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళని చూసేదాకా నా గుండె కుదురుగా లేదు.

కాబట్టి మీరు మాత్రం కారు తాళం ఆ కారులో తిరిగి వెళ్ళేవాళ్ళ దగ్గరే ఉంచండి. మందులు, నీళ్ళు, ఒక స్వెటర్ ఎవరివి వాళ్ళ భుజాన ఉండాలి, కారులో వద్దు. నీళ్ళు అక్కడ ఎక్కడా దొరకవు. విడిపోయే చోట తలలు లెక్కపెట్టి, ఏ టైముకి ఎక్కడ కలవాలో, కలవకపోతే ఎవరు ఎక్కడికి రావాలో పైకి చెప్పుకోండి. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి, వెనక ఒక గట్టి మనిషి ఉండాలి. మా నాన్న చెప్పిన పద్ధతి అది, గ్యాంగ్ అలాగే నడుస్తుందట.

వెళ్ళే నెల కూడా చూసుకోండి. వెల్లింగ్టన్ వైపు జూన్‌లో కూడా మంచు ఉండొచ్చు. చలికాలం, వసంతం అస్సలు వద్దు, ఆ కొండ ఇప్పటికీ అదే కొండ. జులై నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా బావుంటుంది. జులైలో దోమలుంటాయి, కాళ్ళ నిండా ప్యాంట్లు వేసుకోండి, కట్ట పక్కన ముళ్ళ మొక్కలు దారి మీదకి వాలతాయి. పార్కింగ్‌కి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి, కారుకి రోజుకి 5 డాలర్లు, ఎన్ని కార్లుంటే అన్ని పాస్‌లు. బయల్దేరే ముందు హైవే 2 తెరిచి ఉందో లేదో ఆ పొద్దునే చూసుకోండి. తిన్న పొట్లాలు, అరటి తొక్కలు కూడా సంచిలో వేసుకుని తెచ్చేయండి, ఎలుగుబంట్లు తిరిగే అడవి అది. ఈ దారిని చదును చేసి ట్రైల్‌గా మార్చింది చాలావరకు వాలంటీర్లే, శనివారాలు వచ్చి పారలు పట్టుకుని, 1993లో మొదటి భాగం తెరిచారు.

మీ పెద్దవాళ్ళు ఒకేసారి ఎంతసేపు నడవగలరో, పిల్లల వయసెంతో రాయండి. మూడు మైళ్ళు వెళ్ళి మూడు మైళ్ళు రావడం ఎక్కువ అనిపిస్తే స్నో షెడ్ చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసినా చాలు, అది అందరూ నడుస్తారు.