బకెట్ల హద్దులు మార్చండి

ప్రశ్న: రైతులకు బత్తాయి ధరలు చూపే వెబ్‌సైట్ నడుపుతున్నాను. అభ్యర్థనలను అందుకుని సర్వర్‌కు పంపడానికి ముందు ట్రెఫిక్ (Traefik) అనే ప్రాక్సీ, కొలతలు సేకరించి చూపడానికి ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్. జవాబు సమయాల 95వ పర్సంటైల్ (నూటికి 95 అభ్యర్థనలు ఏ సమయం లోపు ముగుస్తాయో అది) ఎప్పుడూ సెకనుకు దగ్గరగా ఉంటోంది. పేజీ మాత్రం చురుగ్గానే తెరుచుకుంటోంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మీ కళ్లనే నమ్మండమ్మా. ట్రెఫిక్ అభ్యర్థనలను పట్టిన సమయాన్ని బట్టి బకెట్లుగా, అంటే గుంపులుగా, లెక్కిస్తుంది. వాటికి తనంతట తాను పెట్టే హద్దులు నాలుగే: 0.1, 0.3, 1.2, 5 సెకన్లు. ప్రొమీథియస్‌కు అసలు సమయాలు అందవు, ఏ హద్దు లోపు ఎన్ని వచ్చాయన్న లెక్కే అందుతుంది. బకెట్ లోపల అన్నీ సమానంగా పరుచుకున్నాయనుకొని అంచనా కడుతుంది. నూటికి 80 అభ్యర్థనలు 0.3 లోపు, మిగతా 20 కూడా 0.4 లోపే ముగిసినా, ఆ 20 పడేది 0.3–1.2 బకెట్‌లో కాబట్టి అది చూపేది 0.975 సెకన్లు!

నన్ను ఇంకా కలవరపెట్టేది మరొకటి. 95వ పర్సంటైల్ 5 సెకన్లు దాటితే గ్రాఫు 5 దగ్గరే ఆగిపోతుంది. సైట్ 20 సెకన్లు కొట్టుమిట్టాడినా మీకు తెలియదు.

కాబట్టి 0.4, 0.5, 0.75 చేర్చండి, పైన 10, 30 కూడా. రైతుకు అర సెకనులో ధర కనిపించాలన్నది మీ లక్ష్యమైతే 0.5 హద్దు తప్పనిసరి. ఆ లోపు ఎందరికి అందిందో అప్పుడు అంచనా కాకుండా కచ్చితంగా తెలుస్తుంది. ప్రతి బకెట్ నిల్వను పెంచుతుంది, విచ్చలవిడిగా చేర్చకండి. ఇది స్టాటిక్ కాన్ఫిగరేషన్‌లోని (ట్రెఫిక్ మొదలయ్యేటప్పుడే చదివే) అమరిక, ట్రెఫిక్‌ను మళ్లీ ప్రారంభించాలి. పాత లెక్కలు కొత్త బకెట్లలోకి విడిపోవు.