ట్యాంకు కడిగించినా నీటికి వాసన ఎందుకు వస్తోంది?

నల్లా నీటికి లేని వాసన వంటింటి కుళాయిలో ఎందుకు వస్తోందని, ట్యాంకును ఎన్ని నెలలకొకసారి కడిగించాలని అడిగారు. మల్కాజిగిరిలోని మా అపార్టుమెంటులో మాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. ఒక్క ఏడాదిలో మేడమీది ట్యాంకును మూడుసార్లు కడిగించినా, పది రోజులు గడిచేసరికి వాసన మళ్లీ మొదలయ్యేది. లోపం కింద సంపులో ఉన్నదని మాకు ఆలస్యంగా తెలిసింది.

సంపు మూత పార్కింగు నేలతో సమానంగా ఉండడం వల్ల, కార్లు కడిగిన నీరు దాని అంచుల గుండా లోపలికి ఇంకుతూ వచ్చింది. క్లోరిన్ పరీక్ష కిట్టు తెచ్చి చూస్తే, నల్లా నీటిలో చుక్కలు వేయగానే పసుపు రంగు కనిపించింది. సంపు నీటిలో ఏ రంగూ రాలేదు. తాగే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రోజు విడిచి రోజు వచ్చే నీరు సంపులో నిలవ ఉన్నంతసేపూ అడుగు బురద ఆ క్లోరిన్‌ను తినేస్తుంది. పైగా వేసవిలో మేము అందులోనే బోరు నీటిని కలిపేవాళ్లము. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కనుక ఉన్నది కాస్తా పలచబడేది.

మూత చుట్టూ అరడుగు గట్టు కట్టించి, బోరు నీటికి వేరే ట్యాంకు పెట్టించి, ఓవర్‌ఫ్లో గొట్టానికి సన్నని జాలీ బిగించిన తరువాతే కడిగించాము. సంపును తోడి, రుద్ది, మళ్లీ నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరును బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను పోశాము. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరుకే ఈ లెక్క. తెరచి ఉంచిన పాత సంచిలో బలం మిగలదు. ఆ నీటినే మేడమీది ట్యాంకుకు ఎక్కించి, క్లోరిన్ వాసన తగిలేదాకా కుళాయిలన్నీ తిప్పి, రాత్రంతా ఉంచి పారబోశాము. తాగడానికి అది పనికిరాదని ముందే అందరికీ చెప్పి ఉంచాలి. మరకల కోసమని పనివారు యాసిడ్ తెచ్చారు, నేను వద్దన్నాను. అది బ్లీచింగుతో కలిస్తే విషవాయువు పుడుతుంది, సంపు లోపల మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు ఆరు నెలలకొకసారి కడిగిస్తున్నాము. మీరు మాత్రం పనివారిని పిలవడానికి ముందే, నీళ్లు వదిలిన రోజున నల్లా దగ్గర, మర్నాడు సంపులో, వంటింట్లో క్లోరిన్ పరీక్ష చేసి చూడండి. రంగు ఎక్కడ మాయమైతే అక్కడి నుండి వెతకడం మొదలుపెట్టవచ్చు.