ఫైర్ వాళ్లకీ ఒక రోజుందండీ, ఏప్రిల్ 14

పోలీసు అమరవీరులకి అక్టోబర్ 21 ఉంది, మరి మంటలార్పుతూ చనిపోయిన ఫైర్ వాళ్లకి ఏమీ లేదా అని ఒకరు అడిగారు. ఉందండీ. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకి నిప్పంటుకుంది, పత్తి బేళ్లూ యుద్ధం కోసం తెచ్చిన పేలుడు సామానూ ఒకే ఓడలో, మన ఫైర్ వాళ్లు మధ్యాహ్నం నుంచి నీళ్లు కొడుతూనే ఉన్నారు, సాయంత్రం నాలుగు దాటగానే పేలిపోయింది. 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. అందుకే ఏటా 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు.

నెట్‌లో ఆ ఓడ గురించి చూడండి, బంగారం కడ్డీలు ఎగిరిపడ్డాయన్న కథే పేజీలకి పేజీలు. హోస్ పట్టుకుని నిలబడ్డ వాళ్ల గురించి ఒక్క లైను. చదివినప్పుడల్లా కోపమొస్తుంది నాకు.

మా నాన్న గుంటూరు జిల్లాలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఒక ఎండాకాలం మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటుకుంది. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పైకి ఆరినట్టే ఉంటాయి, లోపల కుములుతూనే ఉంటాయి, రోజుల తరబడి. ఆ ఘాటుకి రోడ్డు మీద జనమే నిలబడలేకపోతున్నారు, వీళ్లేమో మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని లోపలికెళ్లారు, మాస్కులు అందరికీ సరిపోలేదు మరి. జేసీబీతో గోడ కొడుతుంటే పక్క గోడ కూలి నాన్న పక్కనే పైపు పట్టుకున్నాయన దానికింద పడిపోయారు. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయింది. నాన్న తెల్లారి ఇంటికొస్తే కళ్లు తెరవలేకపోయారు, ఒక్క మాట మాట్లాడలేదు, ఆ ఖాకీ చొక్కా ఉతికిన మా అమ్మకి సాయంత్రం దాకా చేతులు మండుతూనే ఉన్నాయి.

ఆ రోజు కూడా బండి లోపలికి పోవడానికి దారి లేదు. సెల్‌ఫోన్లలో వీడియోలు తీసేవాళ్లు, అడ్డంగా పెట్టిన బైకులు. ఎంత హారన్ కొట్టినా కదలరు, పైగా లేటుగా వచ్చారని తిట్లు. 101కి సరదాగా ఫోన్లు చేసేవాళ్లు వేరే. బండి ఒక దొంగ కాల్‌కి పోతే ఆ టైములో ఇంకో ఊళ్లో గుడిసెలు తగలబడతాయని ఎందుకు తట్టదో.

ఎందుకు గుర్తులేరంటే నా లెక్కలో కారణం ఒకటే, పేర్లు తెలియవు. 66 అనే అంకె తెలుసు, ఒక్క పేరు చెప్పమంటే నోరు తెరిచేవాళ్లు లేరు. 2015లో ముంబై కల్బాదేవిలో బిల్డింగ్ కూలి నలుగురు ఫైర్ ఆఫీసర్లు పోతే ఆ వారం టీవీల్లో వచ్చింది, తర్వాత ఎవరికి గుర్తుంది? నాన్న పక్కన పోయినాయన పేరు కూడా ఆ స్టేషన్ గోడ మీద ఎక్కడా లేదు. అదే రోజు అంబేద్కర్ జయంతి కాబట్టి మరుగునపడిందని కొందరంటారు, నేనొప్పుకోను. ఆ మహానుభావుడికి దండేసి వచ్చి పక్క వీధిలో ఫైర్ స్టేషన్‌కి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?

వచ్చే ఏప్రిల్ 14 పొద్దున పిల్లల్ని తీసుకుని మీ ఊరి స్టేషన్‌కి వెళ్లండి. మౌనం పాటించి నివాళి అర్పిస్తారు, మీరూ నిలబడండి. అయ్యాక ఆఫీసర్ గారిని, ఇక్కడ డ్యూటీలో పోయినవాళ్ల పేర్లేంటండీ, బోర్డు ఎక్కడుందండీ అని అడగండి. పదిమంది అడిగితే ఆ బోర్డు తప్పకుండా వస్తుంది.