తప్పు ఇంజిన్‌దా, బండిదా?

ఫార్ములా వన్‌లో వెనకబడిన జట్లు, వాటికి ఇంజిన్లు ఇచ్చే కంపెనీల గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. నాలుగూ చివరికి ఒకే చిక్కుముడి దగ్గరికి చేరుతున్నాయి కాబట్టి వరుసగా చదువుకోవలసిందిగా మనవి.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి): మెక్‌లారెన్ జట్టు 2015 నుంచి 2017 వరకు హోండా ఇంజిన్‌తో పోటీ చేసి అట్టడుగున మిగిలింది. అదే హోండా ఇంజిన్ 2021లో రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ను ఛాంపియన్‌ను చేసింది. మూడేళ్ళలో కాని పని ఆ తర్వాత ఎట్లా అయింది? అసలు తప్పు ఇంజిన్‌దా, బండిదా? మా హాస్టల్లో ఈ వాదన తెగడం లేదు.

జవాబు: ముందు లెక్కలు చూద్దాం. మెక్‌లారెన్‌కు 2015లో వచ్చినవి 27 పాయింట్లు, జట్ల పట్టికలో స్థానం 9. మరుసటి ఏడు 76 పాయింట్లతో 6వ స్థానానికి ఎగబాకి, 2017లో 30 పాయింట్లతో మళ్ళీ 9కే జారింది. 1988లో ఇదే జోడీ 16 రేసులకు 15 గెలిచింది కాబట్టి, ఈ పతనాన్ని చూసినవారికి నమ్మబుద్ధి కాలేదు.

హోండా ఆలస్యంగా వచ్చిందన్నది మొదటి సంగతి. 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్ ఇంజిన్ల నిబంధన 2014లోనే మొదలైంది. మిగతా కంపెనీలు ఒక పూర్తి సీజన్ నడిపి తప్పులు దిద్దుకున్న తర్వాత హోండా బరిలోకి దిగింది. పైగా అప్పట్లో ఇంజిన్‌ను ఇష్టం వచ్చినప్పుడు మార్చే వీలు లేదు. ఏ భాగాన్ని మార్చినా ‘టోకెన్లు’ ఖర్చు పెట్టాలి. 2015 సీజన్ మొదలయ్యేనాటికి మిగతా ముగ్గురి దగ్గర ఖర్చు కాకుండా మిగిలిన టోకెన్ల సగటును కొత్తగా వచ్చిన హోండాకు ఇచ్చారు. కింది పూర్ణాంకానికి కుదిస్తే ఆ సగటు 9. వెనకబడినవాడి చేతులు కట్టి, ఇక పరుగెత్తమన్నట్టు ఉంది ఈ ఏర్పాటు. 2017 నాటికి ఈ పద్ధతిని ఎత్తివేశారు.

రెండో సంగతి మీవంటి విద్యార్థులు గమనించవలసినది. బండి వెనకభాగం ఎంత సన్నగా ఉంటే గాలి అంత చక్కగా జారిపోతుందని మెక్‌లారెన్ రూపశిల్పులు నమ్మారు. దానికి తగ్గట్టు ఇంజిన్‌ను వీలైనంత కుదించాలన్నారు, హోండా సరేనంది. ‘వి’ ఆకారంలో విడిపోయిన రెండు సిలిండర్ల వరుసల మధ్య ఉన్న ఇరుకు చోటులోనే టర్బో సామగ్రిని ఇమిడ్చారు. చోటు చిన్నదైతే ఇంజిన్‌లోకి గాలిని తోసే కంప్రెసర్ చిన్నదవుతుంది, కంప్రెసర్ చిన్నదైతే అదే గాలిని అందించడానికి మరింత వేగంగా తిరగాలి. ఆ ఇరుసుకే తగిలించిన మోటరు, పొగగొట్టం నుంచి వృథాగా పోయే వేడి వాయువుల బలంతో కరెంటు తయారు చేయాలి. నిబంధనల ప్రకారం ఇది నిమిషానికి 1,25,000 చుట్ల వరకు తిరగవచ్చు. హోండా ఏర్పాటులో ఇది కావలసినంత కరెంటు తీయలేకపోయింది.

ఫలితం తిన్నని దారుల మీద కనిపించేది. చక్రాలకు బలమిచ్చే విద్యుత్ మోటరు సామర్థ్యం 120 కిలోవాట్లు, అంటే దాదాపు 160 హెచ్‌పీ. మన వైపు రైతు బోరుకు పెట్టే 5 హెచ్‌పీ మోటర్లు ముప్ఫైకి పైగా కలిస్తే ఎంతో అంత. దారి చివరికి చేరేసరికి బ్యాటరీలో కరెంటు అయిపోయి ఆ బలమంతా ఒక్కసారిగా మాయమైతే, పక్క బండ్లు దాటిపోవడం తప్ప డ్రైవర్ చేయగలిగింది ఏమీ ఉండదు.

మరి బండి మాటేమిటి? ‘ఆడలేక మద్దెల ఓడు’ అంటారు కదా. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, అందువల్లనే ఆట ఎంత బాగున్నదో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. తమ చాసిస్ (ఇంజిన్ కాక మిగిలిన బండి) మేటి చాసిస్‌లలో ఒకటని మెక్‌లారెన్ చెప్పుకుంటూ వచ్చింది, కాదనడానికి ఆధారం లేదు. హోండాతో తెగతెంపులు చేసుకొని 2018లో రెనో ఇంజిన్ పెట్టుకున్నాక ఆ ఆధారం దొరికింది. అదే రెనో ఇంజిన్ రెడ్‌బుల్ బండిలోనూ ఉంది. ఆ ఏడాది రెడ్‌బుల్ 4 రేసులు గెలిచి 419 పాయింట్లు సాధించగా, మెక్‌లారెన్‌కు దక్కినవి 62. మెక్‌లారెన్‌కు ఆ సీజన్ మొత్తంలో అన్నిటికన్నా మంచి ఫలితం 5వ స్థానం. హోండాతో ఉన్న మూడేళ్ళూ కలిపి చూసినా అన్నిటికన్నా మంచి ఫలితం సరిగ్గా అదే. కాబట్టి మీ హాస్టల్లో బండి పక్షం వహించినవారికి 2018 పట్టిక చూపించండి, ఇంజిన్ పక్షం వారికి 2015 చూపించండి. నా మట్టుకు నేను ఇంజిన్‌కే ఎక్కువ పాలు వేస్తాను, అయితే ఆ ఇంజిన్‌ను అంత ఇరుకున పెట్టమన్నది బండి వాళ్ళేనన్న సంగతి మరువకుండా.

ప్రశ్న (కాజీపేట నుంచి పదవీ విరమణ చేసిన ఒక రైల్వే ఉద్యోగి): నేను డీజిల్ లోకో షెడ్డులో పనిచేశాను. ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌ను లోడ్ బాక్స్ మీద పూర్తి భారంతో నడిపి చూడనిదే లైనుకు పంపేవాళ్ళం కాదు. అంతటి హోండాకు ఈ మాత్రం తెలియదా? షెడ్డులోనే అన్నీ సరిచేసుకొని రావచ్చు కదా?

జవాబు: అయ్యా, మీ అనుభవం ముందు నా పుస్తక పరిజ్ఞానం ఎంత? అయినా మీ ప్రశ్నకు జవాబు ఒక ట్రాక్టర్ దగ్గర దొరికింది కాబట్టి ధైర్యం చేసి చెబుతున్నాను.

కొన్నేళ్ళ కిందట వరంగల్ దగ్గరి మా ఊళ్ళో మా చిన్నాయన ట్రాక్టర్‌కు ఇంజిన్ పని చేయించాము. మెకానిక్ షెడ్డులో గంటకు పైగా నడిపి చూపించాడు. పొగ లేదు, చప్పుడు లేదు, ఆయిల్ ముల్లు కదలకుండా పచ్చ గీతల నడుమ నిలబడింది. మరునాడు కాకతీయ కాలువ కట్ట వాలు మీద మట్టి ట్రాలీ లాగుతుంటే, బండి ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా ఆ ముల్లు సున్నా వైపు పడిపోవడం, బండి సమంగా నిలిచేసరికి మళ్ళీ లేవడం మొదలైంది. మెకానిక్‌ను పిలిపిస్తే తల గోక్కున్నాడు: “షెడ్డుల మంచిగనే నడిచింది సార్, కట్ట మీదనే ఎందుకిట్లయితున్నదో సమజైతలేదు.” ఆ తర్వాత ఆయనే కింద చాంబరు విప్పి చూపించాడు. ఆయిల్ పీల్చే గొట్టానికి ఉండే జాలి అడుగు దాకా దిగలేదు, రెండు వేళ్ళ ఎత్తున ఒక మూలకు బిగుసుకొని ఉంది. బండి ఒరగగానే ఆయిల్ అంతా అవతలి పక్కకు చేరితే పంపు గాలి పీలుస్తున్నదన్న మాట. షెడ్డు నేల సమతలం కాబట్టి ఆ తప్పు అక్కడ ఎన్ని గంటలు నడిపినా బయటపడదు.

2017 ఫిబ్రవరిలో బార్సిలోనా పరీక్షల తొలిరోజున హోండాకు జరిగింది దాదాపు ఇదే. ఆ ఏడాది ఇంజిన్‌ను మొత్తం కొత్తగా గీసుకున్నారు. కంప్రెసర్ ముందు, టర్బైన్ వెనక, నడుమ మోటరు వచ్చేటట్టు, మెర్సిడెస్ 2014 నుంచే పాటిస్తున్న పద్ధతికి మారారు. ఆలోచన మంచిదే. కానీ బండి ట్రాక్ మీదికి వచ్చిన కాసేపటికే ఆయిల్ ట్యాంకు మొరాయించి మెక్‌లారెన్ డ్రైవర్ అలొన్సోకు రోజులో చాలా భాగం వృథా అయింది. మలుపుల్లో ఫార్ములా వన్ బండి మీద పక్కకు లాగే బలం బరువుకు 4, 5 రెట్లు ఉంటుంది. ఆ బలానికి ట్యాంకులోని ఆయిల్ ఎటు కొట్టుకుపోతుందో డైనో (ఇంజిన్‌ను బిగించి, నడిపి, బలం కొలిచే యంత్రం) మీద నిలకడగా బిగించిన ఇంజిన్ చెప్పలేదు. ఆ వెంటనే మరో బాధ మొదలైంది. డైనో బరువైన దృఢమైన దిమ్మె కాబట్టి దాని మీద ఇంజిన్ నెమ్మదిగానే ఉంటుంది, అదే ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు, ఇరుసులకు, టైర్లకు తగిలిస్తే వాటి అదురూ దీని అదురూ కలిసి పెరుగుతాయి. ఆ సంవత్సరం హోండాను పట్టి పీడించిన వైబ్రేషన్ల మూలం ఇక్కడే ఉంది.

మీ లోకో ఇంజిన్‌కు లోడ్ బాక్స్ సరిపోయింది ఎందుకంటే, ఆ నమూనా ఇంజిన్లు దశాబ్దాలుగా పట్టాల మీద తిరిగి, ఎక్కడ ఏమి చెడుతుందో షెడ్డుకు ముందే తెలిసిపోయింది. హోండా 2017 ఇంజిన్ అయితే మొత్తం కొత్తది. ట్రాక్ మీద పరీక్షించుకోవడానికి సీజన్‌కు ముందు ఇచ్చేది కొద్ది రోజులే. అందుకే అభివృద్ధి అనే మాట విన్నప్పుడు, డైనో మీద ఎన్ని హెచ్‌పీలు పెరిగాయని కాక, డైనో చెప్పిన లెక్కకూ ట్రాక్ చూపించిన లెక్కకూ తేడా ఎంత తగ్గిందని అడగాలి.

ఆ తేడా తగ్గడానికి తోడ్పడినది టోరో రోసో. రెడ్‌బుల్‌కు తమ్ముడి వంటి ఇటలీ జట్టు అది, గెలవాలన్న ఒత్తిడి దాని మీద లేదు. 2018లో హోండా ఇంజిన్‌ను తీసుకొని, మాటిమాటికీ కొత్త ఇంజిన్ మార్చి గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరుసలో) వెనక్కి వెళ్ళే పెనాల్టీలు పడుతున్నా మారు మాట్లాడకుండా కొత్త భాగాలు నడిపి చూసింది. రెండో రేసులోనే, బహ్రెయిన్‌లో గాస్లీ 4వ స్థానంలో వచ్చాడు. మెక్‌లారెన్‌తో మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాని స్థానం అది. 2019 నుంచి రెడ్‌బుల్ కూడా చేరింది. ఆ జూన్‌లో ఫ్రాన్స్ రేసుకు హోండా తెచ్చిన కొత్త టర్బో తయారీలో ఆ కంపెనీ విమాన విభాగం ఇంజనీర్లు కూడా చేయి వేశారు. వారం తిరిగేసరికి ఆస్ట్రియాలో వెర్‌స్టాపెన్ గెలిచాడు. 2006 తర్వాత హోండా ఇంజిన్‌కు అదే మొదటి గెలుపు.

ప్రశ్న (మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు): జపాన్‌లో, హోండా పెద్దల ముందే అలొన్సో రేడియోలో ఇంజిన్‌ను తిట్టడం మర్యాదేనా?

జవాబు: మర్యాద కాదు. 2015లో సుజుకాలో, అదీ హోండా వారే కట్టించిన ట్రాక్ మీద, తన బండిలోనిది ‘జీపీ2 ఇంజిన్’ అన్నాడు. అంటే ఫార్ములా వన్‌కు ఒక మెట్టు కింది పోటీలో వాడేది. ఆ మాట మూడేళ్ళూ ఆ కంపెనీకి అంటుకొని ఉంది. అయితే మొదటి జవాబులో చెప్పిన 160 హెచ్‌పీ తిన్నని దారి నడుమ ఆగిపోయే అనుభవం ప్రతి చుట్టుకూ ఎదురవుతుంటే, రెండు సార్లు ఛాంపియన్ అయిన మనిషికి నోరు జారకుండా ఉండడం కష్టమే. అదే ఏడాది బ్రెజిల్‌లో అర్హత పోటీలో ఇంజిన్ ఆగిపోతే, ఆయన ట్రాక్ పక్కన కుర్చీ వేసుకొని ఎండ కాగుతూ కూర్చున్నాడు. నాకు తిట్టు కన్నా ఆ కుర్చీయే ఎక్కువ గుచ్చుకుంది.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని): 2026 నుంచి హోండా ఆస్టన్ మార్టిన్‌కు ఇంజిన్ ఇస్తున్నది, అలొన్సో కూడా అక్కడే ఉన్నాడు. జట్టు వెనకబడినప్పుడు “ఇంజిన్ అభివృద్ధి జరుగుతున్నది” అనే ప్రకటనలను మేము ఎట్లా నమ్మాలి?

జవాబు: అమ్మా, ప్రకటనను పక్కన పెట్టి మూడు సంగతులు చూడండి. పరీక్షల్లో బండి ఎన్ని చుట్లు తిరిగింది, తిన్నని దారి చివర వేగం ఎంత ఉంది, అదే ఇంజిన్ పెట్టుకున్న మరో బండి ఎక్కడ ఉంది.

కొత్త నిబంధనల్లో, 2015లో హోండాను ముంచిన టర్బో మోటరును తీసివేశారు. విద్యుత్ మోటరు బలాన్ని మాత్రం 120 నుంచి 350 కిలోవాట్లకు పెంచారు, అంటే దాదాపు 470 హెచ్‌పీ. కాబట్టి దారి చివర కరెంటు అయిపోతే కలిగే నష్టం ఇదివరకటికన్నా పెద్దది, వేగపు లెక్కల్లో తొందరగా కనబడేది కూడా. వెనకబడిన తయారీదారుకు అదనంగా మార్పులు చేసుకునే వీలును ఈసారి నిబంధనల్లోనే పెట్టారు. పాత టోకెన్ల అన్యాయం నుంచి ఆ మేరకు నేర్చుకున్నారనే చెప్పాలి.

చిక్కంతా మూడో సంగతి దగ్గర ఉంది. 2018లో మెక్‌లారెన్ బండి లోపం బయటపడింది, రెడ్‌బుల్‌లోనూ అదే రెనో ఇంజిన్ ఉన్నందువల్ల. టోరో రోసో, రెడ్‌బుల్ అనే రెండు జట్లలో నడిచాకే హోండాకు తన ఇంజిన్ సంగతి తేటపడింది. ఇప్పుడు ఆస్టన్ మార్టిన్ తప్ప మరే జట్టుకూ హోండా ఇంజిన్ లేదు. పోల్చి చూసే రెండో బండి లేనందువల్ల, జట్టువారు ఇంజిన్ వైపు, ఇంజిన్‌వారు బండి వైపు వేలు చూపిస్తే కాదనడానికి 2015లో మాదిరిగానే మన చేతిలో ఏమీ ఉండదు. అందుకని చుట్ల సంఖ్యనూ, దారి చివరి వేగాన్నీ ఒక నోటుబుక్కులో రేసుకు రేసుకూ రాసుకుంటూ వెళ్ళండి. నాలుగైదు రేసుల తర్వాత ఆ అంకెలు పెరుగుతున్నాయో లేదో మీకే కనిపిస్తుంది.