ఫ్రైడే మాన్‌స్టర్స్ ఆట: కార్డుల్లో పాప ఓడిపోతుంటే

అన్నా, ‘అటాక్ ఆఫ్ ది ఫ్రైడే మాన్‌స్టర్స్’ అనే నింటెండో 3DS వీడియో గేమ్‌లో కార్డుల పోటీ ఉంటుంది కదా, అందులో మీ పాప వరుసగా ఓడిపోయేది కార్డులు చాలక కాదు, వాటి చోట్లు మార్చుకునే అవకాశం వదిలేయడం వల్ల. మన హన్మకొండ గల్లీల్లో పిల్లలాడే స్టోన్-పేపర్-సిజర్ లెక్కే ఇదీ.

1. ఒకే రకం గ్లిమ్‌లు (ఆటలో దొరికే మెరిసే ముక్కలు) ఏడు ఏరితే ఒక కార్డు. ఆటలో కనిపించే 1971 నాటి టోక్యో శివారు వీధుల్లో మెరిసేవన్నీ ఏరమనండి.

2. డబుల్ వచ్చిన కార్డులు కలిపేయండి, బలం పెరుగుతుంది. ఇద్దరి కార్డుల మీదా ఒకే గుర్తు (రాయి, కాగితం లేదా కత్తెర) పడితే బలమైనదే గెలుస్తుంది.

3. చాలామంది దాటేసేది ఇక్కడే. ఐదు కార్డులు పేర్చాక ఫలితం గురించి సూచన వస్తుంది. అప్పుడు రెండు కార్డుల చోట్లు మార్చుకోవచ్చు. పిల్లలు తొందరలో బటన్ నొక్కేస్తారు. సూచన చదివి, ఓడేలా ఉన్న కార్డును మరోదానితో మార్చమనండి.

ఓడినా టెన్షన్ వద్దు, ఆటలోని అదే పిల్లాడితో మళ్లీ ఆడొచ్చు.