‘పసివాడి ప్రాణం’లో బాబుగా చేసింది ఎవరు? ఇప్పుడు ఏం చేస్తున్నారు?

ఆ మాటలు రాని బాబు నిజానికి పాప. పేరు సుజిత. 1987లో ఆ సినిమా వచ్చేనాటికి ఆమెకు నాలుగేళ్లు. అదే కథతో ముందు మలయాళంలో మమ్ముట్టితో, తర్వాత తమిళంలో ‘పూవిళి వాసలిలే’ పేరుతో సత్యరాజ్‌తో ఫాజిల్ తీసిన సినిమాల్లోనూ ఆ పిల్లాడి వేషం ఆమెదే. సుమంత్ ‘సత్యం’ తీసిన దర్శకుడు సూర్యకిరణ్ ఆమె అన్న. 2024 మార్చిలో ఆయన చనిపోయారు.

ఇప్పుడు టీవీలో చాలా పెద్ద పేరు. 2018లో తమిళ ఛానెల్ విజయ్ టీవీలో మొదలైన ‘పాండియన్ స్టోర్స్’ సీరియల్‌లో ఇంటి పెద్ద కోడలు ధనం ఆవిడే. 2019లో అదే కథ స్టార్ మాలో ‘వదినమ్మ’గా వస్తే, అందులో ఆ పెద్ద కోడలు సీత కూడా ఆవిడే. 2024లో ‘కుక్ విత్ కోమాలి’ వంటల పోటీలో ఫైనల్ దాకా వెళ్లారు.

మేముండేది చెన్నై విల్లివాక్కంలో. ఆ రెండు సీరియల్స్ నడిచే రోజుల్లో మా అత్తయ్య నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకు తమిళం రాదు, ఎదురింటావిడకు తెలుగు రాదు. తమిళంలో కథ కొన్ని నెలలు ముందు నడిచేది కదా, మా సీతకు ముందు ముందు ఏం జరగబోతుందో ఎదురింటావిడకు తెలుసు. గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుతూ చెప్పేది. ఏదైనా గొడవ రాబోతోందని తెలిస్తే ఆ పూట అత్తయ్యకు అన్నం సయించేది కాదు.

హీరోయిన్ కాలేక సీరియల్స్‌కి వచ్చిందని కొందరు రాస్తుంటారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఒకే మనిషిని రెండు భాషల్లో ఒకే కాలంలో చేయడం అంటే మాటలా? నెలలో కొన్ని రోజులు చెన్నైలో కాల్షీట్, కొన్ని రోజులు హైదరాబాద్‌లో. భర్త వేరు, మరుదులు వేరు, డైలాగ్ వేరు. రెండూ పక్కపక్కనే చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, ధనం వేరే, సీత వేరే. తమిళంలో అణ్ణీ అని పిలిస్తే తిరిగే తీరు ఒకటి, వదినా అంటే తిరిగే తీరు ఇంకొకటి. ఆ పాత్రకు పెద్ద పెద్ద డైలాగులేమీ ఉండవు, అందరూ అరుచుకుంటుంటే వింటూ నిలబడాలి. ఆ వినడం ఆవిడ చేసినట్టు చేసేవాళ్లు టీవీలో నాకు ఇంకెవరూ కనిపించలేదు.

2020లో కరోనాకు షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే వేస్తున్న రోజుల్లో, ఏం తోచక ఫోన్‌లో ‘పసివాడి ప్రాణం’ పెట్టాను. ఆ బాబే మన సీత అని చెప్తే అత్తయ్య ఒప్పుకోరే! నెల్లూరులో హాల్లో ఆ పిల్లాడి కోసం ఏడ్చారట. "వాడు ఆడపిల్లంటావేంటే?" అని నన్నే కసిరారు. కాసేపు కళ్లార్పకుండా చూశాక, "అవునే, ఆ చూపే. అప్పుడూ నోరు విప్పకుండానే ఏడిపించాడు" అన్నారు.

అక్కడితో ఆగకుండా ఫోన్ పట్టుకుని ఎదురింటికి వెళ్లారు. ఆవిడ చూడగానే "అయ్యో, పూవిళి వాసలిలే!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. తనూ ఆ ఏడాదే ఆ పిల్లాడి కోసం ఏడ్చిందట, ఇక్కడ, తమిళంలో. ధనమే ఆ పిల్లాడని ఆవిడకూ అంతవరకు తెలియదు. ఇద్దరూ గుమ్మం దగ్గరే చెరో కుర్చీ వేసుకుని, ముందు తెలుగుది, తర్వాత తమిళంది, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేదాకా చూశారు.