ఒకే గింజ, రెండు లెక్కలు

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి దూలగొండి గింజల్లో మొత్తం ఫినాల్స్ (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనాలు) కొలుస్తున్నాను. నాకొచ్చిన అంకె మా సీనియర్‌కి వచ్చినదాంట్లో సగం కూడా లేదు. ఇద్దరం చేసింది ఫోలిన్ అనే రంగు పరీక్షే. తప్పు నాదేనా? టెన్షన్‌గా ఉందండి.

జవాబు: ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. ముందు ఇది చెప్పండి, గింజని పొట్టుతో కలిపి పొడి చేశారా, పప్పు ఒక్కటేనా? చిక్కుడు కుటుంబపు గింజల్లో టానిన్లు (ఇవీ ఫినాల్సే) ఎక్కువగా ఉండేది పొట్టులోనే, కాబట్టి తేడా అక్కడే మొదలవుతుంది. ఎండు పొడి లెక్కా, పచ్చి బరువు లెక్కా అన్నది కూడా చూడండి. ఉదాహరణకి, 80 శాతం నీరున్న ఆకులో పచ్చి గ్రాముకి 10 మిల్లీగ్రాములంటే ఎండు గ్రాముకి 50 అన్నమాట.

అసలు చిక్కు ఫోలిన్ దగ్గరుంది. అందులో నీలం రంగు వస్తుంది, దాన్ని 765 నానోమీటర్ల దగ్గర చదివి గ్యాలిక్ ఆమ్లం అనే ఫినాల్ తెలిసిన మోతాదులో ఇచ్చే రంగుతో పోలుస్తాం. కానీ ఆ ఫోలిన్ ద్రావణానికి ఫినాల్స్ మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు, విటమిన్ సి, కొన్ని చక్కెరలు, ప్రోటీన్లలోని టైరోసిన్, ఇలా ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఏది దొరికినా నీలం చేసేస్తుంది. పైగా మీరు ఎంచుకున్నది దూలగొండి! పార్కిన్సన్స్ జబ్బుకి మందుగా వాడే ఎల్-డోపా ఈ గింజల్లో దండిగా ఉంటుంది, అదీ ఫినాలే కాబట్టి నీలంలో పెద్ద వాటా దానిదే అయ్యుండొచ్చు. ఈ ఎల్-డోపా పలచని ఆమ్లంలో బాగా కరుగుతుంది, ఒట్టి మిథనాల్‌లో పెద్దగా కరగదు. మీ సీనియర్ ఆమ్లం కలిపి, మీరు కలపకపోతే మీ అంకె తగ్గడంలో వింతేముంది? పీచుకి అతుక్కున్న ఫినాల్స్‌ని విడదీద్దామని క్షారం మాత్రం పోయకండి, ఎల్-డోపా నల్లబడి పాడైపోతుంది. ఆ అతుక్కున్నవి కావాలంటే వేరే నమూనా పెట్టుకోండి. ఎల్-డోపాని హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) మీద 280 నానోమీటర్ల దగ్గర విడిగా కొలిచి, ఆ అంకెని ఫోలిన్ అంకె పక్కనే రాయండి.

ప్రశ్న: అడవి చిక్కుళ్ల మీద ఒక రిపోర్టులో ఒకచోట జెనిస్టిన్, ఇంకోచోట జెనిస్టీన్ అని ఉంది. అచ్చుతప్పా?

జవాబు: కాదండీ, రెండూ ఉన్నాయి! జెనిస్టీన్ చిక్కుడు కుటుంబపు మొక్కల్లో ఉండే ఒక ఫినాల్, దానికి ఒక గ్లూకోజ్ తగిలితే అది జెనిస్టిన్. అణుభారం జెనిస్టీన్‌కి 270, జెనిస్టిన్‌కి 432. గింజలో ఎక్కువగా ఉండేది చక్కెర తగిలిన రూపాలే, అందుకని చాలామంది ఆమ్లంతోనో ఎంజైముతోనో ఆ చక్కెరని తెంచేసి కొలుస్తారు. అలా చేస్తే 100 మిల్లీగ్రాముల జెనిస్టిన్ కాస్తా 62.5 మిల్లీగ్రాముల జెనిస్టీన్‌గా కనబడుతుంది, పదార్థం ఎక్కడికీ పోకుండానే. పట్టిక కింద ఏ రూపంలో లెక్కించారో రాయకపోతే ఆ అంకెని ఇంకో రిపోర్టులోదానితో పోల్చకండి.